పొడి అని రాసిన చీటీ

కంటి ఆసుపత్రి, మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం
మంగళవారం

పొట్టీ,

ఫోను చేస్తే ఎత్తడం లేదని అలగకు. కళ్ళకి కట్లు కట్టిన దగ్గర్నుంచి మీ అన్నయ్యకి చెవులు నాలుగయ్యాయి. వరండా చివర నిలబడి గుసగుసలాడినా "ఎవరితో?" అంటారు. అందుకే ఈ కాగితం. కలం గీసే చప్పుడు కూడా వినబడుతోందట, మందుల వేళలు రాసుకుంటున్నానని అబద్ధం చెప్పాను. ప్రమాదం జరిగి పదకొండు రోజులైంది, ఈ పదకొండు రోజుల్లో నేను ఆడిన మొదటి అబద్ధం ఇదే అనుకోకు.

ఉన్న మాట చెప్పేస్తాను. కుడి కన్ను ఇక లేదు. ఎడమ కంటికి ఇంకో ఆపరేషన్ చేస్తే నిలబడే ఆశ ఉందని, అదీ ఎంత త్వరగా చేస్తే అంత మంచిదని డాక్టరమ్మ చెప్పింది. ఆ ఆపరేషన్ కంపెనీ చేయించాలి. తప్పు పనివాడిది కాదని విచారణలో తేలితేనే చేయిస్తారట. మన వల్ల అయ్యే పని కాదని నీకూ తెలుసు.

విచారణ ఆఫీసరు నిన్న వచ్చాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు, కుర్చీ చప్పుడు కాకుండా జరుపుకుని కూర్చున్నాడు. ఏం జరిగిందని అడిగాడు. మీ అన్నయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మంట చూసి కంగారుపడ్డాను. నా సీసాలో నీళ్ళు దాని మీద పోశాను" అన్నారు.

ఎవరు పోశారు? మీ అన్నయ్యా? మెగ్నీషియం మీద నీళ్ళా? పెనం మీద నేను రెండు చుక్కలు చిలకరిస్తే కసిరే మనిషి. ఫ్యాక్టరీలో మిషన్లుండే షాపు గుమ్మం బయట చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఆరాయని తృప్తిపడితే గానీ లోపల అడుగుపెట్టని మనిషి. కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటి రోజు చెప్పే మొదటి మాట అదే కదా: ఈ లోహం మండుతున్నప్పుడు నీళ్ళు పోస్తే ఆరదు, పేలుతుంది, ఇసుక వెయ్యండి, అదీ పొడి ఇసుక. ఆ పాఠం నాకూ కంఠతా వచ్చు, అన్నం తింటూ కూడా చెప్పేవారు.

నువ్వు రోజూ అక్కడ స్టోరులో పనికి వెళ్తావు కదా, ఒక పని చెయ్యి. నీళ్ళ సీసాలన్నీ షాపు బయట అరలో పెట్టే లోపలికి వెళ్తారు కదా. ఆయన స్టీలు సీసా, నీలం మూతది, అక్కడ ఉందేమో చూడు. నిండుగా ఉంటే మీ అన్నయ్య అబద్ధం చెబుతున్నట్టే. ఎందుకు చెబుతున్నారో తర్వాత కనుక్కుంటాను. ముందు ఆ సీసా ఆఫీసరు చేతిలో పడాలి.

పిల్ల జాగ్రత్త. జడ బిగించి వెయ్యకు, తలనొప్పి అంటుంది.

వదిన


ఇల్లు, వంటగది
శుక్రవారం

వదినకి,

పిల్ల బాగుంది. ముందు పన్ను ఊడింది. నాన్నకి చూపించాలని అగ్గిపెట్టెలో దాచి, రోజుకి పదిసార్లు తెరిచి చూసుకుంటోంది. జడ వదులుగానే వేస్తున్నాను, బడికి వెళ్ళేలోపే ఊడిపోతోంది.

షాపులో అన్నయ్య మిషను చల్లారిపోయింది. ఆ మిషను సంగతి నీకు తెలియనిది కాదు. పైన తొట్టిలో లోహపు ముక్కలు పోస్తే, ఆరు వందల డిగ్రీలకి దగ్గరగా కాగే గొట్టంలో స్క్రూ వాటిని తోసుకుంటూ పోతుంది. పూర్తిగా కరగకముందే, గుజ్జులా ఉన్నప్పుడే, గొట్టం కొసనున్న నాజిల్‌లోంచి అచ్చులోకి ఒక్క గుద్దు. అచ్చు తెరిస్తే డ్రిల్లు మిషను పై డొప్ప. ఇప్పుడా గుజ్జు గొట్టంలోనే గడ్డకట్టింది. మళ్ళీ వేడెక్కించి స్క్రూ కదిలించాలంటే అన్నయ్య ఉండాల్సిందేనని అందరూ చేతులు కట్టుకు నిలబడ్డారు. తొందరపడి తిప్పితే స్క్రూ విరుగుతుంది, నెమ్మదిగా బుజ్జగించాలని అన్నయ్య అనేవాడు గుర్తుందా? మిషను అలిగింది, మీ వదిన కంటే నయం అనేవాడు.

సీసా కనబడలేదు వదినా. అరలో చాలా ఉన్నాయి, అన్నీ ఒకలాగే ఉంటాయి. ఎవరైనా తీసుకెళ్ళారేమో. అన్నయ్య పోశానంటే పోసే ఉంటాడు, అంత మంటలో ఎవరికైనా మతి ఉంటుందా? దాన్ని తవ్వుకుని ప్రయోజనం ఏముంది?

అన్నయ్యకి ఆ చారల దుప్పటి పంపుతున్నాను. ఆసుపత్రి దుప్పట్లు గరుకుగా ఉంటాయి.

నీ ఆడపడుచు


ఆసుపత్రి
బుధవారం

పొట్టీ,

మిషను ఎలా నడుస్తుందో నాకు పాఠం చెప్పావు. సంతోషం. పన్నెండేళ్ళు ఆ మిషను పక్కనే కాపురం చేశాను, అది నాకు సవతి. నేనడిగింది సీసా సంగతి.

అరలో అన్నీ ఒకలాగే ఉంటాయా? ఆ నీలం మూత మీద పిల్ల గోళ్ళ రంగుతో బాతు బొమ్మ గీసింది. గేటు అవతల నిలబడి చూసినా కనబడుతుంది. నీకు కనబడలేదా?

తవ్వుకుని ప్రయోజనం ఏముందని అడిగావు. ఒక కన్ను ఉంది. ఇవాళ డాక్టరమ్మ కట్టు విప్పి, లైటు వేసి చూసి, కట్టు మళ్ళీ కట్టేసింది. బయటికి వచ్చాక "ఇంకా ఎన్నాళ్ళు ఆగమంటారు?" అని నన్నే అడిగింది. నేనెవర్ని అడగను? ఆయన్ని అడిగాను. ఇదీ సంగతి, నీళ్ళు పోశానని నిలబడితే ఉన్న ఒక్క కన్నూ పోతుంది, నిజం చెప్పండి అని కాళ్ళు పట్టుకున్నాను పొట్టీ, నిజంగానే పట్టుకున్నాను. "పోతే పోనీ. నేను మళ్ళీ మిషను ముందు నిలబడేది ఉందా?" అన్నారు. ఆ వెంటనే "పొట్టి పనిలోకి వెళ్తోందా?" అన్నారు. రోజూ ఇదే ప్రశ్న. తన కన్ను గురించి అడగరు, కూతురి గురించి రెండో మాటగా అడుగుతారు, నీ ఉద్యోగం మాత్రం మొదటి మాట. నాకు మండిపోతోంది.

ఇంకో సంగతి. మిషనుకి నాలుగు అడుగుల్లో ఎర్ర బకెట్లు నాలుగు ఉంటాయని, మూత లాగి చల్లడమే తరువాయి అని ఆయనే చెప్పేవారు. చేతికందే చోట ఇసుక పెట్టుకుని నీళ్ళ కోసం బయటి అర దాకా ఎందుకు పరిగెత్తారు? ఆ రోజు బకెట్లు అక్కడ లేవా? స్టోరు నీ చేతిలో ఉంది, ఈ ఒక్కటి నువ్వు చెప్పగలవు.

వదిన


ఇల్లు
శనివారం

వదినా,

బకెట్లు ఉన్నాయి. నాలుగూ ఉన్నాయి.

అన్నయ్య ఎందుకలా చేశాడో నాకు తెలియదు. షాపు ఇన్‌ఛార్జి నన్ను కూడా సాక్షిగా సంతకం పెట్టమన్నాడు. నేను స్టోరులో ఉన్నాను, ఏమీ చూడలేదని రాసి పెట్టాను.

ఇవాళ కూర మాడిపోయింది. పిల్ల ఏమీ అనకుండా తినేసింది. అది ఏమీ అనకపోతేనే నాకు కష్టంగా ఉంటుంది.

ఇంకేదో రాద్దామని కూర్చున్నాను. రాయలేకపోతున్నాను.


ఆసుపత్రి
గురువారం

పొట్టీ,

కంపెనీ నుంచి కాగితం వచ్చింది. మెగ్నీషియం మంట మీద నీళ్ళు పోయడం వల్ల ప్రమాదం జరిగిందని, బాధ్యత పూర్తిగా తనదేనని మీ అన్నయ్య ఒప్పుకున్నట్టు అందులో ఉంది. వచ్చే బుధవారం ఆఫీసరు వచ్చి సంతకం తీసుకుంటాడు. ఆయన చేతులు రెండూ కట్లలో ఉన్నాయి, వేళ్ళకి కొత్త చర్మం వేశారు. "నువ్వు నా చెయ్యి పట్టుకుని పెట్టించు" అంటున్నారు. ఆయన కన్ను పోవడానికి సంతకం నా చేత్తో పెట్టించాలి. ఇంతకంటే ఘోరం ఏ ఆడదానికైనా రాసిపెట్టి ఉందా?

సంతకం పెట్టాక అందరూ ఏమంటారో నీకు నేను చెప్పాలా? నీళ్ళు పోసినవాడు అంటారు. మీ పనిలో అంతకంటే నీచమైన పేరు లేదు. ఇన్నేళ్ళ పనీ ఆ ఒక్క ముక్కలో కొట్టుకుపోతుంది. ఆయన నేర్పిన పిల్లలే ఆయన పేరు చెప్పి కొత్తవాళ్ళని భయపెడతారు.

ఇక అసలు సంగతి. నిన్న మధ్యాహ్నం మందు మత్తులో కలవరించారు. రెండు మాటలు అర్థం కాలేదు. మూడో మాట స్పష్టంగా విన్నాను. "పొట్టి రాసింది కదా" అన్నారు. లేచాక అడిగితే, నేనేమీ అనలేదని కొట్టిపారేశారు.

ఏం రాశావు పొట్టీ? ఎక్కడ రాశావు?

నేను తెలివితక్కువదాన్ని కాను. రెండు ఉత్తరాల నుంచి నువ్వు ఏదో మింగుతున్నావని తెలుస్తూనే ఉంది. ఏదైనా సరే చెప్పు. నిన్ను కొడతానో, చంపుతానో నాకే తెలియదు గానీ చెప్పు. నాకు బుధవారం దాకానే టైముంది.

వదిన


ఇల్లు
సోమవారం, పొద్దున్నే

వదినా,

సీసా నా దగ్గరే ఉంది. ప్రమాదం జరిగిన రోజే అరలోంచి తీసి ఇంటికి తెచ్చాను. పప్పు డబ్బాల వెనక దాచాను. నిండుగా ఉంది, మూత కూడా తియ్యలేదు. పిల్ల గీసిన బాతు అలాగే ఉంది. అన్నయ్య నీళ్ళు పోయలేదు. ఇసుకే వేశాడు.

ఆ ఇసుక తడిగా ఉంది.

దాన్ని ఎండబెట్టడం నా పని. శనివారం శనివారం నాలుగు బకెట్ల ఇసుకనీ ఓవెన్‌లో పెట్టి, చల్లారాక మూతలు వేసి, ప్రతి మూతకీ చీటీ కట్టాలి. చీటీ మీద "పొడి" అని, తేదీ, కింద నా సంతకం. కట్టే ముందు పిడికిలి పట్టి చూడాలి. గుప్పెడు తీసి బిగించి చెయ్యి తెరిస్తే, వేళ్ళ సందుల్లోంచి జారిపోతే పొడి. వేళ్ళ గుర్తులు పడి ముద్దగా నిలబడితే తడి. ఇది నాకు నేర్పింది అన్నయ్యే. నా మొగుడు నన్నొదిలేసి పోయిన ఏడాది నన్ను ఇంటికి తీసుకొచ్చి, ఆ స్టోరులో పనిప్పించి, మొదటి రోజు నా చేతిలో ఇసుక పోసి నేర్పాడు.

ప్రమాదానికి ముందు రెండు శనివారాలూ ఒకటే వానలు. లోహపు ముక్కల డ్రమ్ములు చెమ్మగిల్లాయి. తడి ముక్కలు మిషనులో పోయకూడదు కాబట్టి ఓవెన్ నిండా అవే పెట్టాల్సి వచ్చింది. "ముందు ముక్కలు, ఇసుక సంగతి తర్వాత" అన్నాడు ఇన్‌ఛార్జి. అంతవరకే ఆయన అన్నది. చీటీ రాయమని ఆయన చెప్పలేదు. అది నేనే రాశాను. పాత చీటీ తీసేసి, కొత్త తేదీ వేసి, "పొడి" అని రాసి కట్టాను. రెండు వారాలూ రాశాను. తనిఖీకి ఎవరైనా వస్తే పాత తేదీ కనబడకూడదని రాశాను. ఆ బకెట్లు తెరిచి ఏళ్ళయింది, ఇప్పుడెవరు తెరుస్తారనుకున్నాను. పైపైన చూస్తే పొడిగానే కనబడింది. పిడికిలి పట్టలేదు.

ఆ రోజు నేను స్టోరు గుమ్మంలో ఉన్నాను. చూడలేదని రాసింది అబద్ధం, అంతా చూశాను. నాజిల్ దగ్గర కారిన లోహం కింద చిందిన ముక్కల మీద పడి అంటుకుంది. పళ్ళెమంత మంట, అంతకంటే పెద్దది కాదు. అన్నయ్య కంగారేమీ పడలేదు. పక్కవాళ్ళని వెనక్కి జరగమని, బకెట్టు దగ్గరికి వచ్చాడు. వేరే ఎవరు ఎండబెట్టిన ఇసుకైనా పిడికిలి పట్టి చూడకుండా వెయ్యడు, ఎంత తొందరైనా సరే. ఆ రోజు చీటీ చూశాడు. నా రాత చూశాడు. ఇంకేమీ చూడకుండా మూత లాగి చల్లాడు.

బుస్సుమని చప్పుడు. తర్వాత తెల్లటి వెలుగు. మంట నేల మీంచి లేచి అన్నయ్య మొహం మీదికి వచ్చింది.

మోసుకెళ్తుంటే నేను పక్కనే పరిగెత్తాను. కళ్ళు కనబడక నా చెయ్యి తడుముకుని పట్టుకున్నాడు, ఆ కాలిన వేళ్ళతోనే. "నీళ్ళు నేను పోశాను. అర్థమైందా పొట్టీ? నేను పోశాను" అన్నాడు. నాకు అర్థమైంది. వెంటనే వెళ్ళి సీసా దాచాను, బకెట్టు చీటీ తెంపి జాకెట్లో పెట్టుకున్నాను. అంత చురుగ్గా నేను జీవితంలో ఏ పనీ చెయ్యలేదు.

ఆపరేషన్ సంగతి నువ్వు రాసే దాకా నాకు తెలియదు. తెలిశాక కూడా రెండు ఉత్తరాలు అబద్ధాలు రాశాను, ఇది ఎలా దాచను? ఉద్యోగం పోతుందని భయం. కేసు పెడతారని భయం. వాటన్నిటి కంటే నీ మొహం చూడాల్సి వస్తుందని భయం. ఈ సీసా పప్పు డబ్బాల వెనక ఉన్నంతకాలం ఈ ఇంట్లో నేనింకా మనిషినే అనిపించింది.

ఈ ఉత్తరం పోస్టులో వేసి, పిల్లని బడిలో దింపి, సీసానీ చీటీనీ తీసుకుని నేరుగా ఆఫీసరు దగ్గరికి వెళ్తున్నాను. ఈ ఉత్తరం నీకు అందేసరికి చెప్పేసి ఉంటాను.

క్షమించమని అడగను.

పొట్టి


ఆసుపత్రి
గురువారం

ఆఫీసరు నిన్న రాలేదు. సంతకం అక్కర్లేదని కబురు పంపాడు. ఆపరేషన్‌కి ఒప్పుకున్నారు, సోమవారం చేస్తారు.

మీ అన్నయ్యకి నేనే చెప్పాను. "దాన్ని ఎవరు వెళ్ళమన్నారు? నువ్వేనా?" అని అరిచారు. ఈ ప్రమాదం జరిగాక ఆయన గొంతెత్తడం అదే మొదటిసారి. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నారు. నాతో మాట్లాడటం లేదు. కన్ను కాపాడబోతే నేనే శత్రువునయ్యాను.

నిన్ను తిట్టడానికి మాటలు వెతుక్కుంటూ రెండు కాగితాలు చింపాను. ఆ చెమ్మ ఇసుకకి కాదు నా ఏడుపు. అది ఎవరి వల్లయినా జరుగుతుంది. ఒక్కొక్క రోజూ ఆ కన్ను చీకటవుతోందని నేను రాస్తుంటే, నువ్వు దుప్పటి గరుకు గురించి రాశావు.

ఇక్కడికి రావద్దు. నా కూతురికి అన్నం పెట్టు. ప్రస్తుతానికి అంతకు మించి నువ్వు నాకేమీ కావు.


ఇల్లు
ఆదివారం

వదినా,

నన్ను పనిలోంచి తీసేశారు. ఇన్‌ఛార్జిని కూడా పక్కన పెట్టారు. విచారణ కాగితంలో అన్నయ్య తప్పేమీ లేదని రాశారు, ఆఫీసరు నాకు చదివి వినిపించాడు. "చీటీని నమ్మి ఇసుక చల్లెను" అని ఉంది. ఆ కాగితాన్ని ఆఫీసరు అన్నయ్య మిషను ముందు నిలబడి షాపులో అందరికీ చదివాడట. ఎవరూ అన్నయ్యని నీళ్ళు పోసినవాడు అనరు. ఇది నీకు తెలియాలని రాస్తున్నాను.

బకెట్లకి ఇప్పుడు ఇద్దరు సంతకాలు పెట్టాలట.

పిల్ల నన్ను అడిగింది, నాన్నకి నీ వల్లే కాలిందా అత్తా అని. బడిలో ఎవరో చెప్పారు. అవునన్నాను. ఆ పూట నా పక్కన పడుకోలేదు. మర్నాడు మళ్ళీ వచ్చి పడుకుంది.

నువ్వు రమ్మనే దాకా రాను. ఆపరేషన్ ఎలా అయిందో మాత్రం ఒక్క ముక్క రాయి. కార్డు ముక్క చాలు.


ఆసుపత్రి
నెల తిరిగాక, శుక్రవారం

పొట్టీ,

ఒక్క ముక్క రాయమన్నావు, ఇన్నాళ్ళూ రాయలేదు. కావాలనే రాయలేదు. నువ్వు ఎదురుచూస్తూ ఉండాలనిపించింది. ఆ పని నేను నీ కోసం మూడు వారాలు చేశాను కదా.

నిన్న కట్టు పూర్తిగా విప్పారు. కిటికీ ఎటు ఉందో తెలుస్తోంది. నేను అడ్డొస్తే ఏదో కదిలినట్టు తెలుస్తోంది. అంతే. మొహాలు తెలియవు, అక్షరాలు తెలియవు, ఇక తెలియవు. మూడు వారాల ముందు చేసి ఉంటే ఏమయ్యేదని డాక్టరమ్మని అడిగాను. ఆవిడ చెప్పనంది. పట్టుపట్టాను. చదవగలిగేవారేమో అంది. ఇది నీకు దాచి రాయను. ఈ బరువు నేనొక్కదాన్నే మోయలేను, నువ్వు సగం పట్టుకోవాలి.

ఆయనకి కూడా దాచలేదు. తర్వాత నీ ఉత్తరం, ఆ సోమవారం ఉత్తరం, చదివి వినిపించమన్నారు. నెల నుంచి అడగని మనిషి. చదివాను. "నా రాత చూశాడు" అన్న చోట ఆపమని, ఆ వాక్యం మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. మొహం తువ్వాలుతో కప్పమన్నారు. కప్పాను. ఆ తువ్వాలు కింద మీ అన్నయ్య ఏడ్చారు పొట్టీ. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

ఇవాళ పొద్దున్న కిందికి నడిపించుకెళ్ళాను. ఆసుపత్రి వెనక కొత్త గదులు కడుతున్నారు, ఇసుక కుప్ప పోశారు. కాలికి తగిలి ఆగిపోయారు. "గుప్పెడు తీసి నా చేతిలో పొయ్యి" అన్నారు. పోశాను. ఆ వేళ్ళు వాటంతట అవి ముడుచుకోవు, నేనే మూసి బిగించి, నేనే తెరిచాను. కొత్త చర్మానికి ఇంకా స్పర్శ రాలేదు. "రాలిందా, నిలిచిందా?" అని అడిగారు.

ముందురోజు వాన పడింది. ఇసుక ముద్దగా, నాలుగు వేళ్ళ గుర్తులతో ఆయన అరచేతిలో నిలబడి ఉంది. రాలింది అని చెబుదామని నోటి దాకా వచ్చింది. ఆ పూట ఆయన మనసు తేలికపడుతుంది కదా అనుకున్నాను. నువ్వు చీటీ రాసినప్పుడు కూడా ఇలాగే అనుకుని ఉంటావని అప్పుడు తట్టింది.

"నిలిచింది. తడిగా ఉంది" అన్నాను.

కాసేపు ఆ చెయ్యి అలాగే చాపి నిలబడ్డారు. "అయితే ఇది పొట్టికి పంపు. ఎండబెట్టమను" అన్నారు.

ఆ ఇసుకే ఈ పొట్లంలో ఉంది. మన వంటింట్లో పొయ్యి మీద మూకుట్లో ఎండబెట్టు. చీటీ రాయి, తేదీ వేసి, సంతకం పెట్టు. పిల్లని తీసుకుని, దాని పన్ను ఉన్న అగ్గిపెట్టె కూడా తీసుకుని, నువ్వే పట్టుకురా. చీటీ ఆయనకి నేను చదివి వినిపిస్తాను. ఆ తర్వాత మీ అన్నయ్య ఎదురుగానే గుప్పెడు తీసి పిడికిలి పట్టి చూస్తాను. ఇక మీదట నువ్వు ఏం రాసినా ఒకసారి పట్టి చూస్తాను. దానికి ఒప్పుకుంటేనే బయలుదేరు.

వదిన